ఒడ్డు చేరిన స్వరం

వీణ మీటెడు చేతికి వేల నతులు
కడలి పాటకుఁ బలుకిచ్చు కరుణ నీది
తప్పు తెలిసిన నాడునుఁ దల్లి వగుచు
నొడికిఁ జేర్చుము మమ్మెల్ల నొక్క రీతి.

వాగ్దేవి పాదాలకు మ్రొక్కి చెప్పుకునే ఈ కథ అనూరాధది. ఆమె విజయనగరంలో ఒక సంగీత విద్యాలయంలో పియానో నేర్పుతుంది. వయస్సు ముప్పై తొమ్మిదేళ్ళు. నిష్ఠగలవాడు మూడు సంధ్యలనూ ఎలా తప్పడో ఆమె తన మూడు పనులనూ అలాగే తప్పదు. తెల్లవారుజామున రెండు గంటలు సాధన. పగలంతా విద్యార్థులకు పాఠం. సెలవు దొరికిన ప్రతిరోజూ పరిశోధన. ఏడాదికి నాలుగైదు కచేరీలు. చెన్నై, హైదరాబాదు నుంచి పిలుపులు వస్తాయి. పాశ్చాత్య దేశాల మహానుభావులు రెండు మూడు వందల ఏళ్ళ క్రితం కూర్చిన రచనలను ఆమె వాయిస్తుంటే, ఈ అమ్మాయి కళింగపట్నం బెస్తవాడలో పుట్టిందంటే కొత్తవారు ఒక పట్టాన నమ్మరు.

పుట్టింది అక్కడే. తండ్రి ఎల్లాజీ సముద్రం మీద బతికినవాడు. తల్లి లేని పిల్ల చదువుకోవాలని తొమ్మిదో ఏట శ్రీకాకుళంలోని మిషన్ బడి వసతిగృహంలో చేర్చాడు. ఆ బడిలో సంగీతం చెప్పే ఎలీసమ్మ టీచరుగారు ఒక ఆదివారం ప్రార్థన ముగిశాక ఆ పిల్లను పియానో ముందు కూర్చోబెట్టి, వేళ్ళు పట్టి చూసి, ఇవి తరతరాలుగా తాడు లాగినవాళ్ళ వేళ్ళు, వీటికి బలం నేర్పనక్కరలేదు, మెత్తదనం నేర్పితే చాలు అన్నదట. ఆ మాట ఎల్లాజీ చెవిన పడింది. ఆనాటి నుంచి సెలవులకు ఇంటికి వచ్చిన కూతురిని ఆయన వల తాడు ముట్టుకోనివ్వలేదు. వల లాగే వేళకు ఒడ్డు దగ్గరికే రానివ్వలేదు. తొమ్మిదేళ్ళలోపు ఒడ్డున విన్నదేదో ఆ పిల్ల చెవిలోంచి జారిపోయింది. "నీ యేళ్ళు యేరే పనికి అమ్మీ" అనేవాడు. ఆ ప్రేమే ఈ కథలో చిక్కుముడి అయింది.

ఎనిమిదేళ్ళుగా అనూరాధ చేస్తున్న పరిశోధన కళింగతీరంలోని వలపాటల మీద. అలివి వల అని ఒక పెద్ద వల ఉంది. పడవ మీద తీసుకువెళ్ళి సముద్రంలో విల్లులా పరుస్తారు. తరువాత రెండు జట్లు ఒడ్డున నిలబడి రెండు తాళ్ళూ పట్టి గంటల తరబడి లాగుతారు. ఒకడు పాట ఎత్తుకుంటే తక్కినవారు అందుకుంటారు. ఆ పాటలను ఆమె తన నాయనమ్మ లక్ష్మణమ్మ చేత, వాడలోని పెద్దల చేత అరుగుల మీద కూర్చోబెట్టి పాడించుకుంది. ఒడ్డున లాగుతుండగా కూడా, కాస్త దూరంలో యంత్రం పెట్టి రికార్డు చేసింది. అన్నింటినీ స్వరాల్లో రాసింది. ఆ రాతలో ఆమెకు ఒక విశేషం కనిపించింది. "ఒడ్డు ఎంత దూరమే గంగమ్మ తల్లీ" అన్న పల్లవితో నడిచే ప్రధానమైన పాట ఎవరి నోట విన్నా రిషభం మీదనే ఆగిపోతోంది. ఆధారస్వరమైన షడ్జానికి దిగదు. ఇంటికి వచ్చినవాడు గడప బయటే నిలబడిపోయినట్టుంటుంది ఆ ముగింపు.

దాని మీద ఆమె సిద్ధాంతగ్రంథంలో నాలుగో అధ్యాయం మొత్తం నిలిపింది. సముద్రం మీద బతికేవారికి నిలకడ లేదు, వారి ప్రశ్నకు జవాబు లేదు, అందుకే వారి పాటకు ముగింపు లేదు అని వాదించింది. ఆ పాటను ఆధారం చేసుకుని పియానో మీద ఒక రచన కూడా చేసింది. అది కూడా రిషభం మీదే ఆగుతుంది. కచేరీల్లో ఆ చివరి స్వరం తరువాత సభ ఊపిరి బిగబట్టి కూర్చునేది. పత్రికలవారు మెచ్చుకున్నారు. మౌఖిక పరీక్ష శనివారానికి ఖాయమైంది. పియానో అవసరం కనుక విద్యాలయంలోనే ఏర్పాటు చేశారు. డాక్టరేటు పట్టా వస్తే ఉద్యోగం స్థిరపడుతుంది; ఎనిమిదేళ్ళ శ్రమకు ఒక అర్థం వస్తుంది.

ఆ శనివారానికి ముందు వచ్చిన ఆదివారం నాడు హేమ పాఠానికి వచ్చింది. హేమ శ్రీకాకుళంలో చిన్నపిల్లల బడిలో ఉపాధ్యాయిని. ప్రతి ఆదివారం ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వస్తుంది. ఆమెదీ కళింగపట్నమే. వలపాట మీద తాను చేసిన రచనలోని చివరి భాగాన్ని సులభం చేసి అనూరాధ ఆమెకు అభ్యాసంగా ఇచ్చింది. హేమ వాయించింది. రిషభం తరువాత, రాయని షడ్జం ఒకటి మీటింది. అనూరాధ మళ్ళీ వాయించమంది. మళ్ళీ అదే. మూడోసారి కూడా అదే జరిగేసరికి, ఎన్నడూ విసుక్కోని గురువుకు విసుగు వచ్చింది. రాసిందే వాయించాలి, సొంత కవిత్వం తరువాత అని కాస్త గట్టిగానే అన్నది.

హేమ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "రాసిందే వాయిస్తన్నాను మేడమ్. ఆ ఒక్కటీ దానంతటదే సేతిలోంచి వచ్చేస్తాది. మా తాత ఆఖర్న అలాగే దించేసేవోడు."

"ఆఖర్న ఏమీ లేదు హేమా. నేను నలభైమంది దగ్గర విన్నాను."

"వల ఒడ్డుకి తగిలాక ఉంటాది మేడమ్. అది ఇనపడితే సాలు, మేం బుట్టలట్టుకుని పరుగెత్తేవోళ్ళం." హేమ నవ్వబోయి గురువు ముఖం చూసి ఆగిపోయింది.

అనూరాధ ఆమెను మామూలు వేళకన్నా ముందే పంపించింది. తలుపు వేసి, ఒడ్డున రికార్డు చేసిన పదకొండు పాటల అసలు ప్రతులను బయటకు తీసింది. గ్రంథం కోసం తాను వాడుకున్నవి కత్తిరించిన ప్రతులు. ఒడ్డు దగ్గరయ్యేసరికి జనం అరుస్తారు, ఆడవాళ్ళు బుట్టలతో పరుగెత్తుకొస్తారు, అలల హోరు సరేసరి. అక్కడ పాట ఆగిపోయిందనుకుని, ఆ రొదనంతా ఆమె పదకొండుచోట్లా కోసేసింది. పక్కన "అనవసరపు చప్పుడు" అని స్వయంగా రాసుకుంది.

ఇప్పుడు ఆ చప్పుడునే చెవికి దగ్గరగా పెట్టుకుని విన్నది. మొదటిదానిలో ఏమీ తేలలేదు. రెండోదానిలో కేకల అడుగున ఒక మగగొంతు రిషభం మీంచి మెల్లగా షడ్జానికి దిగింది. "సేరినాదీ" అన్నది, ఒడ్డు చేరిందని. మూడోదానిలో అదే. నాలుగోది ఆరేళ్ళనాటిది. దానిలో ఆ చివరి మాట అన్నది ఆమె తండ్రి. ఎల్లాజీ పోయి నాలుగేళ్ళయింది. ఆయన గొంతును తానే చప్పుడని కోసి పారేసింది.

స్వరం తప్పిన మంత్రం చదివినవాడికే చేటు తెస్తుందని పెద్దలు చెబుతారు. అనూరాధకు ఆ మాట గుర్తుకొచ్చింది. నాలుగో అధ్యాయం కుప్పకూలింది. దాని మీద కట్టిన రచన, దానికి వచ్చిన మెప్పు, అన్నీ ఒక కత్తిరింపు పొరపాటు మీద నిలిచినవే. ఈ సంగతి తెలిసినవారు ఇంకెవరూ లేరు. హేమకు ఇది గ్రంథానికి సంబంధించినదని కూడా తెలియదు. ఆరు రోజులు నోరు మెదపకుంటే పని అయిపోతుంది. ఆ ఆలోచన వచ్చింది. వచ్చి ఒక గంటసేపు కూర్చుంది కూడా.

సాయంత్రం ఆమె ఎలీసమ్మగారికి ఫోను చేసింది. ఎనభై దాటిన ఆ పెద్దావిడ అంతా విని, నువ్వు తప్పు చేశావనీ అనలేదు, చేయలేదనీ అనలేదు. ఆదివారం ఆరాధన సంగతి ఎత్తింది. "అరవై ఏళ్ళు చర్చిలో వాయించాను అనూ. చివర ఆమెన్ వాయించకుండా ఎన్నడైనా లేచానా? జనం ఇళ్ళకి ఎలా వెళ్తారు? నీ పాటకి ఆమెన్ దొరికితే ఏడుస్తావేంటమ్మా" అన్నది. మీ నాయనమ్మని అడుగు, ఆవిడకి తెలియకుండా ఉండదు అని కూడా చెప్పింది.

మరునాడు సెలవు పెట్టి అనూరాధ కళింగపట్నం వెళ్ళింది. లక్ష్మణమ్మ ఇసుక మీద పాతవల పరిచి చేపలు ఎండబెడుతోంది. వయస్సు ఎనభై మూడు. నడుం వంగినా చేయి ఆగదు. మనుమరాలు పక్కన కూర్చుని తానూ నాలుగు చేపలు తిరగేసి, మెల్లగా అడిగింది.

"మామ్మా, ఎనిమిదేళ్ళు నీ సేత పాడించుకున్నాను. ఆఖర్న ఒక మాటున్నాదని ఒక్కసారైనా సెప్పలేదేటి?"

"నువ్వడిగేవేటి? పాటెలాగుంటాదని అడిగేవు. వలెప్పుడొస్తాదని అడగలేదు."

"అరుగు మీద పాడినప్పుడు ఆ మాట కూడా పాడొచ్చు కదా."

లక్ష్మణమ్మ చేప చేతిలో పట్టుకునే ఆమె వంక చూసింది. "అరుగు మీద కూకుని సేరినాదని ఎలాగంటానే? నీళ్ళలో వల లేదు, ఒడ్డుకి సేప రాలేదు. గంగమ్మ తల్లికి అబద్ధం సెప్పమంటావా? అది వల ఇసక్కి తగిలినప్పుడే అనాల. తక్కినప్పుడు నోటికొచ్చినా మింగేసుకోవాల. మీ తాత, మీ నాన్న, అందరూ అలాగే." ఒక్క క్షణం ఆగి అడిగింది. "ఇంతకీ కాగితాల మీద ఏటని రాసేవు?"

అనూరాధ తల వంచుకుంది. "మన బతుకులకి ఒడ్డు లేదని, అందుకే పాటకి ముగింపు లేదని రాసేను."

ముసలామెకు నవ్వు ఆగలేదు. పళ్ళు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఒడ్డు లేకపోతే ఈ సేపలెక్కడ ఎండేసేనే పిచ్చిదానా?"

ఆ నవ్వుకు అనూరాధ కూడా నవ్వేసింది. ఒకరోజంతా గుండె మీద కూర్చున్న బండరాయి ఆ నవ్వుతో కాస్త పక్కకు జరిగింది. అప్పుడు అసలు సంగతి అడిగింది. శనివారం పెద్దల ముందు ఆ చివరి స్వరం పియానో మీద వాయించవచ్చా? అక్కడ సముద్రం లేదు, వల లేదు. వాయించడం తప్పవుతుందా?

లక్ష్మణమ్మ మూడు వరుసల చేపలు తిరగేసింది. "నువ్వు ఎనిమిదేళ్ళ నుంచి లాగుతన్నది ఏటి? అదీ వలే. ఒడ్డుకొస్తే అను. రాకపోతే మింగెయ్. నానూ వస్తాను సూడ్డానికి."

ఆ సాయంత్రం పెద్దవల ఒడ్డుకు వస్తుండగా అనూరాధ వెళ్ళి తాడు పట్టుకుంది. తన వేళ్ళను ముప్పై ఏళ్ళు కాపాడుకున్నది ఆమె. జట్టులోని గంగులు మావ చూసి, పియానో యేళ్ళు పాడైపోతాయే అని వేళాకోళం చేశాడు. అయినా పక్కకు జరిగి చోటిచ్చాడు. తాడు ఉప్పుతో గరగరలాడుతూ అరచేతిని కోసింది. పాట రిషభం మీదకు వచ్చిన ప్రతిసారీ తాడు బిగిసేది. అప్పుడు చేయి వదిలేందుకు లేదు. వదిలితే అంతసేపు లాగినదీ వెనక్కు పోతుంది. ఇన్నేళ్ళు ముగింపు అనుకున్నది ముగింపు కాదనీ, పట్టు అనీ ఆమె అరచేతులకు తెలిసింది. వల ఇసుకకు తగిలింది. గంగులు మావ గొంతు షడ్జానికి దిగింది. తాడు సడలింది. తన వెన్ను కూడా దానితోపాటే సడలడం ఆమె గమనించింది.

శనివారం వచ్చింది. పరీక్షకులు ముగ్గురు. వారిలో పెద్ద ఆచార్య గణపతిరావుగారు. వైణికుడు, పండితుడు, ఒక్క ప్రశ్నతో గ్రంథమంతా కూల్చేస్తారని ప్రతీతి. మూడో వరుసలో లక్ష్మణమ్మ జరీచీర కట్టుకుని కూర్చుంది. ఆమెకు ఒక పక్క ఎలీసమ్మగారు, ఇంకో పక్క హేమ.

అనూరాధ లేచి నమస్కరించి, ఎవరూ అడగకముందే చెప్పింది. నా నాలుగో అధ్యాయం తప్పు అన్నది. పదకొండుచోట్ల తాను ఏమి కోసిందో, ఎందుకు కోసిందో చెప్పింది. ఆ చివరి మాట అరుగు మీద ఎవరూ ఎందుకు అనరో చెప్పింది. కోయని ప్రతులు వినిపించింది. నాలుగోది వినిపించేటప్పుడు, ఈ గొంతు మా నాన్నగారిది అని ఊరుకుంది. ఆ తప్పు దిద్దినది తన శిష్యురాలని, పేరు చెప్పి మరీ చూపించింది. హేమ తల ఎత్తలేదు.

గణపతిరావుగారు తన ముందున్న కాగితం ఒకటి తీసి మడత పెట్టి జేబులో వేసుకున్నారు. తరువాత రచన వాయించమన్నారు.

ఆమె వాయించింది. అరచేతుల్లో ఇంకా మానని గాట్లున్నాయి. పియానో మెట్లు కొన్ని నొక్కినప్పుడు అవి మండాయి. తెరచాపల గాలి, తాడు బిగువు, అడుగు వెనక అడుగు, అన్నీ ఆ చేతుల కింద నుంచి లేచి వచ్చాయి. చివరకు రిషభం దగ్గరికి వచ్చి, ఆమె చేతులు ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

గణపతిరావుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ముగింపు ఉందన్నారు. వినిపించలేదేం?"

"నా వల ఇంకా నీళ్ళలో ఉందండి" అన్నది అనూరాధ.

ఆయన తక్కిన ఇద్దరినీ తీసుకుని పక్క గదిలోకి వెళ్ళారు. వారు తిరిగి వచ్చేదాకా పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఆ రిషభం గది మధ్యలో వేలాడుతూనే ఉంది. లక్ష్మణమ్మ పెదవులు బిగబట్టి కూర్చుంది. ఎలీసమ్మగారి వేళ్ళు ఒళ్ళో ఉన్న సంచి మీద, కనిపించని మెట్ల మీదన్నట్టు నిలిచి ఉన్నాయి. అనూరాధ మాత్రం ఏమీ కోరుకోలేదు. కత్తిరించినది తిరిగి అతికించాను, నాన్నను తిరిగి పాటలోకి తెచ్చాను, ఇక ఏదైనా సరే అనుకుంది. అలా అనుకున్నాక ఊపిరి తేలికగా ఆడింది.

పరీక్షకులు వచ్చి కూర్చున్నారు. గణపతిరావుగారు జేబులోని కాగితం తీసి చదివారు. దానిలో ఒకే ఒక ప్రశ్న ఉంది. తాడు పట్టినవాడు రిషభం మీద చేయి వదిలితే వల ఏమవుతుంది?

"మూడు వారాలుగా ఈ ప్రశ్న నన్ను పీడిస్తోందమ్మా" అన్నారాయన. "గ్రంథంలో తక్కినదంతా గట్టిగా ఉంది. ఈ ఒక్కచోట తాడు తెగింది. అది దాచి ఉంటే మిమ్మల్ని ఇక్కడే నిలదీసేవాణ్ణి. మీరే తెచ్చి చూపించారు." తరువాత ముగ్గురి తీర్పూ వినిపించారు. పట్టాకు సిఫారసు చేస్తున్నారు. నాలుగో అధ్యాయం మూడు నెలల్లో తిరగరాసి ఇవ్వాలి. అరుగు మీది పాటకూ ఒడ్డు మీది పాటకూ గల తేడాయే ఇక ఆ అధ్యాయానికి ప్రాణం కావాలి. అంతా చెప్పి, ఆయన పియానో వంక చేయి చాచారు. "ఇక మీ వల ఇసుకకు తగిలినట్టే. కానివ్వండి."

అనూరాధ కూర్చుంది. చేయి ఒక్కసారి ఎత్తి, షడ్జం మీద దించింది. ఒక్కటే స్వరం. మెత్తగా, నిండుగా. అది గోడలను తాకి తిరిగి వచ్చేలోగా మూడో వరుసలోంచి ఒక ముసలి గొంతు దానితో కలిసింది.

"సేరినాదీ."

పక్కనే ఎలీసమ్మగారు కళ్ళు మూసుకుని "ఆమెన్" అన్నది.

గణపతిరావుగారు తల ఊపి, చప్పట్లు కొట్టవద్దన్నట్టు సభ వంక వేలు చూపారు. ఎవరూ కొట్టలేదు. కాసేపటికి లక్ష్మణమ్మే హేమ వైపు తిరిగి, గది అంతటికీ వినబడేలా అడిగింది. "ఒసే, బుట్ట తెచ్చేవేటే?"

అప్పుడు నవ్వింది అనూరాధ. నవ్వుతూనే ఆ మెట్టు మీంచి వేలు తీయలేదు. స్వరం పూర్తిగా ఆగేదాకా అలాగే ఉంచింది.

ఈ కథ చెవిని వేసుకున్న తల్లులకూ తండ్రులకూ ఆ శారదమ్మ చల్లని చూపు తోడుండుగాక. ఎవరు ఏ నీళ్ళలో ఏ తాడు లాగుతున్నా, వారి చేతికి బలమూ, తప్పు ఒప్పుకునే నోటికి ధైర్యమూ కలుగుగాక. ఈ తీరాన వెలసిన శ్రీకూర్మనాథుని దయవల్ల అందరి వలలూ నిండుగా, అందరి పడవలూ పదిలంగా ఒడ్డు చేరుగాక.